విజయనగరం వెళ్ళి కోట ద్వారం దగ్గర నుంచి తిరిగి వచ్చాం. తప్పు ఎవరిది?

ఎంవీపీ అల్లుడు
విశాఖ నుంచి విజయనగరానికి అటూ ఇటూగా అరవై కిలోమీటర్లు. మొన్న ఆదివారం ఆ దూరం దాటడానికి మాకు పదకొండు గంటలు పట్టింది. తెల్లవారుజామున 5కు ఎంవీపీ కాలనీలో కారు తీశాను, సాయంత్రం 4కు కోట ముందు ఆపాను. ద్వారం మూసి ఉంది. కాపలా మనిషి శాలువా సర్దుకుంటూ "రేపు రండి బాబూ" అన్నాడు.

నేను రాసుకున్న లెక్క వేరు. 7కు విజయనగరంలో టిఫిను, 8కి కోట, 10కి గంటస్తంభం, 11కి గురజాడ వారి ఇల్లు, భోజనం, 2కు రామతీర్థం, చీకటి పడేలోగా ఇల్లు. కారులో నేను, మా ఆవిడ, మూడో తరగతి చదివే పాప, ముందు సీటులో మంకీ టోపీతో మా మామగారు.

హైవే ఎక్కకముందే మామగారు "ఎలాగూ చీకటే కదా, బీచి రోడ్డు పట్టుకో, భీమిలిలో సూర్యోదయం చూసి పోదాం" అన్నారు. సూర్యుడు రాలేదు, మంచు వచ్చింది. అలల చప్పుడు వినిపిస్తున్నది, సముద్రం మాత్రం కనిపించదు. పాప పళ్ళు టకటకలాడుతుంటే జాలరులు కొబ్బరి డొక్కలతో వేసుకున్న చలిమంట దగ్గర అరగంట కూర్చున్నాం. ఆ తరువాత డచ్చివారి సమాధులు. మామగారికి డచ్చి భాష ఒక్క ముక్క రాదు, అయినా ఏ రాయినీ వదలకుండా చదివారు. ఆ తరువాత తేగలు. తగరపువలస చేరాక "ఎడమకు తిప్పు, పద్మనాభం పది నిమిషాలు" అన్నారు. ఆ పది నిమిషాలు మూడు గంటలయ్యాయి, ఎందుకంటే కొండ ఎక్కారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి ఎక్కుతుంటే అల్లుడు కింద కూర్చుంటే బాగుంటుందా? దిగి విజయనగరం దారి పట్టగానే టైరు పంక్చరు. స్టెప్నీలో గాలి లేదు (ఇది నా తప్పే). ఊళ్ళోకి చేరి భోజనం చేసేసరికి 3 దాటింది.

ఇంటికి వచ్చాక మా ఆవిడ "రోజు బాగా గడిచింది" అన్నది. ఆఫీసులో మిత్రుడు "కోట చూడకపోతే విజయనగరం వెళ్ళినట్టే కాదు" అన్నాడు. మీరే తీర్పు చెప్పండి. నా పెట్రోలు వృథాయేనా?

కంచరపాలెం కబుర్లు
స్టెప్నీలో గాలి చూసుకోకుండా బయలుదేరిన మనిషి మామగారి మీద ఫిర్యాదు చేయడమా!

లంబసింగి చలి
విశాఖలో మంకీ టోపీ పెట్టుకున్నారా? మా ఊరి పాత పేరు కొర్రబయలు. రాత్రి ఆరుబయట ఉన్నవాడు తెల్లారేసరికి కొర్రలా (అంటే కర్రలా) బిగుసుకుపోతాడని ఆ పేరు. మీది చలి కాదు, ఏసీ కొంచెం ఎక్కువైనట్టు.

పెదవాల్తేరు పిల్లి
లంబసింగి గారు ఏటా డిసెంబరులో నిద్ర లేస్తారు, సంక్రాంతి దాకా ఇదే మాట చెబుతారు, మళ్ళీ కనిపించరు.

సింహాద్రి నడక
అల్లుడు గారూ, ఒక్క చిన్న సందేహం. మీరు లెక్క ప్రకారం 8కే చేరినా అది ఆదివారమే కదా? ఆ కోట ఖాళీగా పడి ఉన్న కట్టడం కాదు. లోపల కాలేజీలు నడుస్తున్నాయి. సెలవునాడు లోపలికి పంపాలా వద్దా అన్నది ద్వారం దగ్గర ఉన్న మనిషి మనసును బట్టి ఉంటుంది. అంటే మీ మామగారు భీమిలి వైపు తిప్పినా తిప్పకపోయినా మీరు చూసేది ఆ మూసిన తలుపునే.

ఎంవీపీ అల్లుడు
ఈ మాట మా ఇంట్లో ఎవరికీ చూపించను.

కోట గోడ నీడ
నేను ఆ ఊళ్ళోనే పుట్టాను. ఇప్పుడు ఉద్యోగం విశాఖలో, వారానికి రెండుసార్లు తిరుగుతాను. మీ మిత్రుడికి చెప్పండి, మా కోటను బయట నుంచి చూడాలి. లోపల మోతీ మహల్ ఉండేది, మూడో విజయరామ గజపతి రాజు 1869లో దర్బారు కోసం కట్టించినది. ఇప్పుడు దాన్ని పడగొట్టేశారు. ఉన్నప్పుడు తప్పకుండా చూడదగినదే, కాదనను. కానీ జనవరిలో పొద్దున్నే గోడ చుట్టూ నడిస్తే ఉండే తీరు వేరు. మంచులో బురుజు ముందు కనిపించదు. ఎదురుగా రాయి ఉందని ముక్కుకు చల్లదనం తగిలాక తెలుస్తుంది. మా నాన్న నన్ను అలాగే తీసుకువెళ్ళేవారు, చేతిలో ఒక వేరుశనగ పొట్లం పెట్టి.

1713లో కోటకు ముహూర్తం పెట్టినప్పుడు అయిదు జయాలు కలిశాయని ఊళ్ళో చెప్పుకుంటారు. విజయ నామ సంవత్సరం, విజయదశమి పండుగ, జయవారమైన మంగళవారం, రాజు పేరులో విజయం, ఊరి పేరులో విజయం. చిన్నప్పుడు ఈ అయిదూ చెప్పలేకపోతే మా మామ్మ కజ్జికాయ ఇచ్చేది కాదు.

హంపి కాదండీ
ఆ పేరుతోనే నాకు చిక్కు. పుణేలో ఉండే మా బావమరిది "విజయనగరం చూడాలి" అంటే రమ్మన్నాను. వచ్చి, గంటస్తంభం కింద నిలబడి, "రాతిరథం ఎక్కడ బావా?" అని అడిగాడు. హంపికి, మాకు మధ్య ఎంత దూరం ఉందో పటం తీసి చూపించాను. గంటన్నర అలిగి కూర్చున్నాడు.

కంచరపాలెం కబుర్లు
రాతిరథం లేకపోతేనేమి, మూడు లాంతర్ల కూడలి చూపించి పైడితల్లి అమ్మవారి గుడికి తీసుకువెళ్ళవలసింది.

రైలుపట్టా
మామగారు లేకుండానే దారి తప్పిన వాడిని నేను. మూడేళ్ళ కిందట ఇదే నెల. విశాఖ స్టేషనులో పొద్దున్నే టీ తాగుతూ నిలబడ్డాను. కళ్ళద్దాల మీద ఆవిరి. కదులుతున్న రైలు చూసి, ముందు వెనకా చూడకుండా ఎక్కి, కిటికీ దగ్గర శాలువా కప్పుకుని కునుకు తీశాను. కొత్తవలస దాటాక కంటకాపల్లి, అలమండ, కోరుకొండ రావాలి. కళ్ళు తెరిచేసరికి లక్కవరపుకోట. ఎదుటి సీటులో ఒక పెద్దాయన బుట్టలో కోడిపుంజుతో కూర్చున్నారు. "ఇది విజయనగరం పోదా?" అంటే, "కొత్తవలసలోనే ఆ దారి వేరైపోయింది బాబూ, ఇది అరకు మీదుగా కిరండూల్ పోతుంది" అన్నారు.

శృంగవరపుకోటలో (ఎస్.కోట) దిగిపోయాను. బస్సు కోసం చూస్తూ రోడ్డు పక్కన వేడి గారెలు తిన్నాను. నా ఎదురుగా కొండల నడుము దాకా మంచు, పైన శిఖరాలు మాత్రం ఎండలో ఉన్నాయి. బస్సు పట్టుకుని విజయనగరం చేరేసరికి మధ్యాహ్నం. కోటకు వెళ్ళానా? వెళ్ళాను. దాని గురించి నాకు గుర్తున్నది తక్కువ. ఆ గారెలు మాత్రం గుర్తున్నాయి.

పెదవాల్తేరు పిల్లి
కోడిపుంజు ఎక్కడ దిగింది?

రైలుపట్టా
బొడ్డవర. నేను అడిగాను కూడా. సంక్రాంతి ముందు వారం కాబట్టి అంతకంటే ఎక్కువ అడగలేదు.

గడియారం మనిషి
ఇక్కడ అందరూ దారి తప్పడాన్ని పొగుడుతున్నారు, కాబట్టి రెండో పక్క నేను మాట్లాడతాను. మా అమ్మకు ఎనభై. రెండు గంటలకొకసారి ఆగాలి, అదీ శుభ్రమైన చోట ఆగాలి. వేళకు తినాలి, వేళకు మాత్రలు. ఆవిడతో బయలుదేరితే ఏ ఊళ్ళో ఎన్నింటికి ఉంటామో ముందే రాసి ఉండాలి. చలిలో పాపను ఒడ్డున కూర్చోబెట్టి, స్టెప్నీ లేని కారులో పల్లెదారి పట్టడం సరదా కాదు, అజాగ్రత్త. అల్లుడు గారి లెక్కలో తప్పేమీ లేదు. ఆయన మాటను కారులో ఎవరూ వినలేదు, అదీ తప్పు. మామగారికి పద్మనాభం చూడాలని ఉంటే ముందురోజే చెప్పవచ్చు కదా?

సింహాద్రి నడక
గడియారం మనిషి గారి మాటలో సగం ఒప్పుకుంటాను. ముందురోజు చెబితే అల్లుడు గారు ఒప్పుకునేవారా అన్నది మిగతా సగం.

ఎంవీపీ అల్లుడు
ఒప్పుకునేవాడిని కాదు.

గోస్తనీ ఒడ్డు
పద్మనాభం పేరు వచ్చింది కాబట్టి నాలుగు మాటలు. మాది ఆ చుట్టుపక్కల పల్లె.

కోట చూడకపోతే విజయనగరం చరిత్ర చూడనట్టే అన్నది మీ మిత్రుడి వాదన. కానీ ఆ చరిత్రలో అన్నిటికంటే బరువైన రోజు కోటలో గడవలేదు, పద్మనాభంలో గడిచింది. ఈస్టిండియా కంపెనీకి కట్టవలసిన పేష్కషు (కప్పం) బాకీ పడిందని గొడవ మొదలైంది. 1793లోనే కంపెనీ సేన కోటను స్వాధీనం చేసుకున్నది. రాజును మచిలీపట్నం వెళ్ళి ఉండమన్నారు, నెలకు ఇంత అని భత్యం ఇస్తామన్నారు. సొంత ఊరు వదిలి పింఛను మీద బతకడానికి చిన్న విజయరామరాజుకు మనసొప్పలేదు. తన మనుషులతో వచ్చి పద్మనాభం దగ్గర విడిది చేశాడు. 1794 జూలై 10న ప్రెండర్‌గాస్ట్ నాయకత్వంలో కంపెనీ సేన మీద పడింది. గంట కూడా పట్టలేదు. రాజు, ఆయన వెంట నిలిచిన దొరలు చాలామంది అక్కడే పడిపోయారు. కొడుకు నారాయణబాబు అప్పటికి చిన్నపిల్లవాడు. అతన్ని తీసుకుని కొండల్లోకి వెళ్ళిపోయారు. తరువాత కంపెనీతో రాజీ కుదిరి, జమీందారీ తిరిగి వచ్చింది కానీ బాగా తగ్గి వచ్చింది.

కొండ మీద అనంత పద్మనాభస్వామి, కింద కుంతీమాధవస్వామి. మెట్లు వెయ్యికి పైనే. కార్తీక అమావాస్యకు మెట్ల మీద దీపాలు పెడతారు. మా ఊరి పొలాల్లో నుంచి చూస్తే కొండ మీద నిప్పుగీత గీసినట్టు ఉంటుంది. పై మెట్టు మీద నుంచి గోస్తని నది కనిపిస్తుంది. ఆ మైదానమంతా ఒక్క చూపులో పడుతుంది. ఇంత చిన్న చోటా, అనిపిస్తుంది.

కంచరపాలెం కబుర్లు
విజయరామరాజును చంపింది తాండ్ర పాపారాయుడు కదా? మధ్యలో ఈ ప్రెండర్‌గాస్ట్ ఎక్కడ నుంచి వచ్చాడు?

గోస్తనీ ఒడ్డు
ఆయన పెద్ద విజయరామరాజు. అది 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధం తరువాత, విడిదిలో. ఈయన చిన్న విజయరామరాజు, ముప్పై ఏడేళ్ళ తరువాత. పేరు ఒకటే, చంపినవాళ్ళు వేరు. బడిలో నేను కూడా ఇద్దరినీ కలిపి రాసి సున్నా తెచ్చుకున్నాను.

కోట గోడ నీడ
పైడితల్లి అమ్మవారు పెద్ద విజయరామరాజు చెల్లెలని మా నమ్మకం. బొబ్బిలి యుద్ధం వద్దని అన్నను వారించిందని, ఆయన మరణవార్త విని పెద్ద చెరువు దగ్గర దేవతలో కలిసిపోయిందని చెబుతారు. ఏటా విజయదశమి తరువాత వచ్చే మంగళవారం సిరిమాను. అంత పొడుగు మాను కొసన పూజారి కూర్చుని కోట వరకు ఊరేగుతుంటే కింద జనం అరటిపళ్ళు విసురుతారు. అల్లుడు గారూ, ఆ రోజు మాత్రం కారులో రాకండి. పదకొండు గంటలు మీకు తక్కువనిపిస్తుంది.

చోడి అంబలి
ఇంతమంది యుద్ధాలు మాట్లాడారు, మంచు ఎందుకు పట్టిందో ఎవరూ చెప్పలేదు. భూమి రాత్రికి తొందరగా చల్లబడుతుంది, సముద్రం చల్లబడదు. అందుకే విశాఖలో పొద్దున లేస్తే కాస్త వెచ్చగానే ఉంటుంది, పాతిక మైళ్ళు లోపలికి పోతే వేళ్ళు కొంకర్లు పోతాయి. గాలి లేని రాత్రి నది పక్కన తేమ ఎక్కువ, అక్కడే మంచు కమ్ముతుంది. భీమిలిలో గోస్తని సముద్రంలో కలుస్తుంది. తగరపువలస దగ్గర మళ్ళీ అదే నది దాటారు. పద్మనాభంలో మళ్ళీ అదే నది. మీరు రోజంతా ఒక్క నదినే పట్టుకుని పైకి పోయారు, అంతే. ఇంకా పోతే తాటిపూడి జలాశయం, ఇంకా పైన బొర్రా.

ఎంవీపీ అల్లుడు
దయచేసి బొర్రా సంగతి మామగారికి చేరనివ్వకండి.

పాత లైట్‌హౌస్
డచ్చివారి సమాధుల సంగతి అల్లుడు గారు ఒక్క వాక్యంలో తోసేశారు. భీమునిపట్నం (భీమిలి) పురపాలక సంఘం 1861 నాటిది, దేశంలోని పాతవాటిలో ఒకటి. అంతకు ముందు రెండు వందల ఏళ్ళ కిందటే డచ్చివారు ఇక్కడ వర్తకం పెట్టారు. ఆ తోటలో కోసుగా పైకి లేచిన సమాధులు ఉంటాయి. కొన్నింటి మీద అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోయాయి. వేలితో తడిమితేనే అంకెలు తెలుస్తాయి. మీ మామగారు చదివారన్నారే, భాష రాకపోయినా పేర్లు, ఏళ్ళు చదవవచ్చు. నేను ప్రతిసారీ చేసేది అదే. ఎంత వయసుకు పోయారో లెక్క వేస్తాను. చాలామంది నాకంటే చిన్నవాళ్ళు.

పెదవాల్తేరు పిల్లి
చలిలో పొద్దున్నే ఆ లెక్కలెందుకండీ.

వీణ తీగ
నాకూ మూసిన తలుపే ఎదురైంది. పోయిన ఏడాది, మంగళవారమే, కానీ ఏదో పరీక్షలని లోపలికి పంపలేదు. చేసేది లేక ఊళ్ళో నడుస్తూ సంగీత కళాశాల ముందుకు వచ్చాను. లోపల ఎవరో చిన్నపిల్ల వయొలిన్ సాధన చేస్తున్నది. ఒకే స్వరం. అది కుదరడం లేదు. మళ్ళీ, మళ్ళీ. ప్రతిసారీ అదే చోట జారుతున్నది, జారగానే బల్ల మీద వేలితో కొట్టిన చప్పుడు. నేను అరుగు మీద కూర్చున్నాను. అరగంటకు కాబోలు కుదిరింది. బల్ల చప్పుడు లేదు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, సిగ్గేసి లేచి వచ్చేశాను.

1919లో ఆ బడి పెట్టారు. దివాణంలో పనిచేసే ఒకాయన కొడుకు అంధుడు, ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించే దారి చూపమంటే మహారాజు ఏకంగా పాఠశాలే పెట్టించాడని చెబుతారు. మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామి నాయుడు విద్యార్థిగా చేరడానికి వస్తే, ఆయన వాయిద్యం విని నారాయణదాసు ఆచార్యుడి ఉద్యోగం ఇచ్చారట. ఘంటసాల, సుశీల చదివింది అక్కడే. అల్లుడు గారి చీటీలో ఈ పేరే లేదు. నాకు బాధ కలిగింది.

గడియారం మనిషి
చీటీలో రాసుకుంటే సరిపోయేది కదా. నేను అనేదీ అదే.

వీణ తీగ
గడియారం గారూ, "11.15, పిల్ల వయొలిన్ తప్పు వాయించుట" అని రాసుకోమంటారా?

గడియారం మనిషి
సరే, ఇది మీకు ఒదిలేశాను. మాత్రల వేళ మాత్రం ఒదలను.

విజ్జీ బ్యాటు
ఊరి గురించి ఇంత మాట్లాడి విజ్జీని మరిచారు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్ మా విజయనగరం రాజకుమారుడే.

కంచరపాలెం కబుర్లు
ఆ మూడు టెస్టుల్లో ఆయన చేసిన పరుగులు మొత్తం 33. మధ్యలోనే ఆటగాడు లాలా అమరనాథ్‌ను ఇంటికి పంపించిన ఘనత కూడా ఆ పర్యటనదే. మరిచిపోవడమే మర్యాద అనుకున్నాం.

విజ్జీ బ్యాటు
మైదానానికి ఆయన పేరు ఉంది. అది చాలు నాకు.

ఆ ఆవిడ
నేనే "మా ఆవిడ". ఫోను బల్ల మీద వదిలి స్నానానికి వెళ్ళారు, మొత్తం చదివాను. సింహాద్రి నడక గారి మాట కూడా చదివాను, ధన్యవాదాలు.

కొన్ని సవరణలు. కొండ ఎక్కుతానన్నది మా నాన్న కాదు, పాప. నాన్న కింద గుడి చూసి వెళ్దామన్నారు. సగం మెట్లలో పాప కూర్చుండిపోతే ఎత్తుకున్నదీ ఈయన కాదు. ఈయన అప్పటికే అయిదు మెట్లకొకసారి ఆగి "దృశ్యం చూస్తున్నాను" అంటున్నారు. మంచులో. ఇక మూడు గంటల్లో గంటసేపు నాన్న పైన ఎవరితోనో కబుర్లలో పడ్డమాట నిజమే.

గడియారం మనిషి గారు ముందురోజే ఎందుకు చెప్పలేదు అని అడిగారు. నేను రాత్రి నాన్నను అడిగాను. నాన్న విజయనగరం ఎం.ఆర్. (మహారాజా) కాలేజీలో చదివారు, నాలుగేళ్ళు. కోట ఆయనకు కొత్త కాదు. 1971లో ముగ్గురు స్నేహితులు సైకిళ్ళ మీద విజయనగరం నుంచి భీమిలి సముద్రం చూడాలని తెల్లవారుజామున బయలుదేరారట. ఇదే చలికాలం. ఒకరికే స్వెట్టరు ఉంది, మైలుకొకరు వేసుకున్నారు. పద్మనాభం దగ్గర ఒక సైకిలుకు పంక్చరు. అతికించే డబ్బులు లేవు. కొండ ఎక్కి, పై నుంచి సముద్రం కనిపిస్తుందేమోనని చూసి, మంచు తప్ప ఏమీ కనిపించక, సైకిలు తోసుకుంటూ వెనక్కి వెళ్ళిపోయారు. "భీమిలి తరువాత వందసార్లు చూశానమ్మా, ఆ దారిన మాత్రం మళ్ళీ రాలేదు. ఈసారి అటు చివర నుంచి వచ్చాను" అన్నారు.

ఈయనకు పంక్చరు పడిన చోటికి, ఆ సైకిలు పంక్చరుకూ మధ్య మైలు కూడా లేదని నాన్న ఒట్టేసి చెబుతున్నారు. అది నమ్మకండి. నాన్న చెప్పే ప్రతి కథలోనూ ఒక పంక్చరు ఉంటుంది.

గడియారం మనిషి
ఇది ముందురోజు చెప్పడం కష్టమే. ఒప్పుకుంటున్నాను.

కోట గోడ నీడ
ఆ ముగ్గురిలో మిగతా ఇద్దరూ?

ఆ ఆవిడ
ఒకాయన రాయగడలో స్థిరపడ్డారు, ఇప్పటికీ ఫోను చేస్తారు. ఇంకొకాయన లేరు. స్వెట్టరు ఆయనది.

రైలుపట్టా
పంక్చరు అంగడి సంగతి ఎవరూ అడగలేదు. ఆదివారం మధ్యాహ్నం పల్లెలో మనిషి దొరికాడా?

ఎంవీపీ అల్లుడు
వచ్చేశాను, చూశాను, ఇంట్లో ప్రస్తుతం ఎవరితోనూ వాదించడం లేదు.

దొరికాడు, కానీ వెంటనే కాదు. అంగడికి తాళం, పొలానికి వెళ్ళాడన్నారు. పిల్లవాడిని పంపారు. ఈలోగా పక్కింటి ఆవిడ ఎండలో కుర్చీలు వేసింది. పొద్దుటి నుంచి మొదటిసారి చలి వదిలింది. అతను వచ్చి ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి తిప్పుతుంటే పాప పక్కన గొంతుక్కూర్చుని బుడగలు ఎక్కడ వస్తాయా అని చూసింది. బుడగ కనిపించగానే "దొరికింది!" అని అరిచింది. బడిలో "నా విహారయాత్ర" అని రాయమంటే ఆ బుడగల గురించి ఒకటిన్నర పేజీ రాసింది. డచ్చివారు లేరు, రాజు లేడు, కోట అసలే లేదు.

సింహాద్రి నడక
తాతగారి సంగతి?

ఎంవీపీ అల్లుడు
"తాతయ్య నన్ను ఎత్తుకున్నాడు, నాన్న ఆయాసపడ్డాడు." టీచరు దాని కింద చక్కగా రాశావు అని పెట్టారు.

కోట గోడ నీడ
మళ్ళీ వచ్చేటట్టయితే పని రోజున రండి. పొద్దున్నే విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో నేరుగా వెళ్ళే బస్సు ఎక్కితే మీరు కారు తిప్పలేరు, మామగారు తిప్పమనలేరు. 1885 నాటి గంటస్తంభం కింద దిగి నాకు ఇక్కడే ఒక మాట రాయండి. ఎనిమిది పలకల గోపురం, తప్పిపోయే పని లేదు. నేనే వచ్చి చుట్టూ తిప్పుతాను. సంగీత కళాశాల కూడా, వీణ తీగ గారూ.

ఎంవీపీ అల్లుడు
వచ్చే నెల రెండో మంగళవారం సెలవు పెట్టాను. బస్సు అన్న మాట చెప్పగానే మామగారు "రైలులో పోదాం, ఎస్.కోటలో గారెలు బాగుంటాయట" అన్నారు. ఈ చర్చ ఆయనకు చదివి వినిపించినవారెవరో నాకు తెలుసు.

లంబసింగి చలి
ఒక్క ప్రశ్న, చలి గురించి కాదు. ఆ తేగలు ఉడికించినవా, కాల్చినవా? కట్ట ఎంత?

ఎంవీపీ అల్లుడు
కాల్చినవి. నిప్పు మీద నుంచి తీసి నేరుగా చేతిలో పెట్టింది, బూడిద దులపకుండానే. మామగారు పొట్టు ఒలిచి, నిలువుగా చీల్చి, మధ్యలో చందమామ తీసి ముందు పాపకు పెట్టారు. తరువాత మా ఆవిడకు. నాకు పీచు ఎక్కువ ఉన్నది వచ్చింది. కట్ట యాభై చెప్పింది. మామగారు బేరమాడి నలభైకి తెచ్చారు. ఆ బేరానికి ఇరవై నిమిషాలు పట్టింది, అవి కూడా పదకొండు గంటల్లో కలపండి.